పద్నాలుగో శాంపిల్

“ఏ, టి, టి, జి, సి, సి, ఏ, జి, జి, టి,” అని చదివి శ్యామలాదేవి ఆగింది.

పది అక్షరాలకొకసారి ఆగమని గోపాలకృష్ణ చెప్పాడు. తన చేతిలోని కాగితం మీద అంతవరకూ వేలు నడిపించి, “ఊఁ, కానివ్వు” అన్నాడు.

“జి, జి, ఏ, సి, ఎన్... ఈ ఎన్ ఏంటండీ? నాలుగక్షరాలేనన్నారుగా?”

“మిషన్‌కి చదవడం చేతకాని చోట ఎన్ వేస్తుంది.”

“నయం. తెలియంది తెలియదని చెబుతోంది,” అంటూ స్టవ్ వైపు ఒక కన్నేసి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.

పాలు పొంగేలోపల ఒక కాగితం పూర్తి చెయ్యాలన్నది ఆరు వారాలుగా ఆ ఇంట్లో నియమం. ఒకేలా కనిపించే రెండు కాగితాలు. ఒక్కోదాంట్లో ఆరేడు వందల అక్షరాలు. ఆమె ఒకటి చదువుతుంది, ఆయన రెండోది చూస్తూ తేడాలు పట్టుకుంటాడు. ల్యాబ్‌లో రష్మి అనే అమ్మాయి ఇచ్చిన అభ్యాసం అది. కంప్యూటర్ రెప్పపాటులో చేసే పనే అయినా, చేత్తో చేస్తే బుర్రకెక్కుతుందని ఆ అమ్మాయి అంటుంది.

శ్యామలాదేవి ఇరవై ఏళ్ళు డబ్బింగ్ థియేటర్లలో గుంపు గొంతుల్లో ఒక గొంతుగా పనిచేసింది. పెళ్ళి పందిట్లో ముచ్చట్లు, సంతలో గోల, ఊరు తగలబడితే కేకలు. ఎవరూ విడిగా వినని ఆ గొంతుకి ఇప్పుడు ఆయాసం పట్టుకుంది. అయినా ఏ అక్షరానికా అక్షరం విడిగా, స్పష్టంగా పలుకుతుంది.

“మూడు తేడాలన్నారు. ఎన్ని దొరికాయి?”

“రెండే.”

“ఇవాళే కదా పరీక్ష?”

“మూడింటికి.”

ఆమె పాలు దించి కాఫీ కలిపింది. ఆయన మూడో తేడా కోసం మొదటి వరుస నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. అది దొరికేసరికి కాఫీ చల్లారిపోయింది.

యూసుఫ్‌గూడలో మూడో అంతస్తు నుంచి దిగి కృష్ణానగర్ రోడ్డు మీదికి నడిచేసరికి ఎనిమిదైంది. గోపాలకృష్ణకి యాభై ఏడేళ్ళు. మనిషి సన్నం. ఏళ్ళ తరబడి బల్ల మీదికి వంగి పనిచెయ్యడంతో మెడ ముందుకి పడిపోయి, ఎప్పుడూ దేన్నో వెతుకుతున్నట్టు కనిపిస్తాడు. కుడికన్ను ఊరికే నీరు కారుతుంది. సందు మొగలో జూనియర్ ఆర్టిస్టులు బట్టల సంచులు భుజాన వేసుకుని కంపెనీ వ్యాన్ల కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళలో తల నెరిసిన ఒకాయన చెయ్యెత్తాడు.

“ఏం నెగటివ్ కృష్ణగారూ, ఇంకా ఆ రక్తం కొట్లోనేనా?”

“అక్కడేనయ్యా.”

“మా బాగుంది. మాకు నాలుగు రోజులుగా పనే లేదు.”

గోపాలకృష్ణ తలూపి షేర్ ఆటో ఎక్కాడు. ఆ పేరు పిలిచేవాళ్ళు ఇంకా ముగ్గురో నలుగురో మిగిలారు. రేపల్లె దగ్గరి పల్లె నుంచి ఇరవై ఒకటో ఏట వచ్చి, ఫిల్మ్ ల్యాబ్‌లో నెగటివ్ కటింగ్ సెక్షన్‌లో చేరాడు. నెగటివ్ అంచున సన్నటి నంబర్లుంటాయి. ఎడిటర్ కూర్చిన ప్రింట్ మీద అవే నంబర్లుంటాయి. రెండూ సరిపోల్చి, అసలు నెగటివ్‌ని ఆ చోటనే కోసి అతకాలి. అసలుది ఒక్కటే ఉంటుంది. తప్పు కోస్తే మళ్ళీ తెచ్చుకోవడానికి లేదు.

ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్కసారి తప్పు కోశాడు. మూడుని ఎనిమిదిగా చూశాడు. కథానాయిక వెనక్కి తిరిగే చోట నాలుగు ఫ్రేములు పోయాయి. ఆ సినిమా వంద రోజులు ఆడింది. ఎవరూ గమనించలేదు. టీవీలో ఎప్పుడైనా అది వస్తే మటుకు ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాడు. ఆ తప్పు తర్వాత ఏ నంబరైనా రెండుసార్లు చూడటం అలవాటైంది. కొన్నాళ్ళకి రెండుసార్లు మూడుసార్లయింది. సెక్షన్‌లో అందరికంటే నెమ్మది ఆయనే. పెద్ద సినిమాల ఆఖరి రీళ్ళు ఆయన బల్ల మీదికే వచ్చేవి.

తర్వాత ఫిల్మే పోయింది. ఒక నెలాఖరున సెక్షన్‌కి తాళం వేశారు. రెండేళ్ళు ఒక ఎడిటింగ్ ఆఫీసులో తలుపు దగ్గర కూర్చున్నాడు. కొన్నాళ్ళు కొరియర్ కవర్లు మోశాడు. ఎనిమిదేళ్ళ కిందట ఈ ల్యాబ్‌లో శాంపిళ్ళు నమోదు చేసే పని దొరికింది.

ల్యాబ్ ఫిల్మ్‌నగర్ ఎత్తులో, ఒకప్పుడు ఎవరో నిర్మాత కట్టుకున్న బంగళాలో ఉంది. కంప్యూటర్లు పెట్టిన కింది గదిలో అప్పట్లో ప్రివ్యూ థియేటర్ ఉండేది. సీట్లు పీకేశారు గాని నేల వాలు అలాగే ఉంది. చక్రాల కుర్చీ జారిపోకుండా అందరూ కాళ్ళు తన్నిపెట్టుకుని కూర్చుంటారు. సాయంత్రానికి గోపాలకృష్ణ పిక్కలు పట్టేస్తాయి.

రష్మి అప్పటికే వచ్చి ఉంది. సిద్దిపేట అమ్మాయి. ఇరవై ఆరేళ్ళుంటాయి. జుట్టు పెన్నుతో ముడివేసుకుంటుంది.

“టిఫిన్ అయిందా సార్? ఇయ్యాల తొమ్మిది నుంచి పదిహేడు దాకా శాంపిళ్ళు మీయే. చేసి పెట్టుండ్రి, నేనొచ్చి చూస్తా. పరీక్షకు ముందు చేతికి మంచి అలవాటైతది.”

శాంపిల్‌లో ఉన్న సూక్ష్మజీవి ఏదో, దాన్ని పెంచి చూసే కల్చర్ పరీక్షలో తేలనప్పుడు ఆసుపత్రులు ఇక్కడికి పంపుతాయి. దాని జన్యువులో ఒక ముక్కని మిషన్ అక్షరాలుగా చదివి ఫైల్ చేస్తుంది. ఆ అక్షరాల వరుసని తెర మీది పెట్టెలో అతికించి మీట నొక్కితే, ప్రపంచంలో ఎవరెవరో ఇంతవరకూ చదివి దాచిన వరుసలన్నిటితోనూ పోల్చి, బాగా కలిసేవాటి జాబితా వస్తుంది. మొదటి వారం గోపాలకృష్ణ జాబితాలో పైనున్న పేరు రాసేసి లేచేవాడు.

“గట్ల కాదు సార్,” అని రష్మి కుర్చీ లాక్కుని కూర్చునేది. “పైనున్నదే నిజమని నమ్మొద్దు. ఎంత కలిసిందో చూడాలె, ఎంత మేరకు కలిసిందో కూడా చూడాలె. మీ పేరులో రెండక్షరాలు కలిసినంత మాత్రాన వాడు మీ చుట్టమైతడా?”

అది ఆయనకి వెంటనే అర్థమైంది. టైపు కొట్టడమే కష్టంగా ఉండేది. ఏ మీట ఎక్కడుందో వేళ్ళు మర్చిపోయేవి. తెర మీది సన్నటి అక్షరాలకి కన్ను కారేది. శాంపిళ్ళ నమోదుకి బార్‌కోడ్ యంత్రం వచ్చాక, రికార్డుల విభాగంలో ఉన్న ముగ్గురూ ఈ పని నేర్చుకోవాలని హెడ్డాఫీసు చెప్పింది. పరీక్షలో నెగ్గినవాళ్ళకే వచ్చే ఏడాది కాంట్రాక్టు. మిగతా ఇద్దరూ పాతికేళ్ళ వాళ్ళు. ఇద్దరూ కిందటి వారమే నెగ్గేశారు.

తొమ్మిది, పది అయ్యాయి. పదకొండు ఒక మగమనిషి మోకాలి చీము. పేరు వచ్చింది, పూర్తిగా కలిసింది. రాసుకున్నాడు. పన్నెండు, పదమూడు. పద్నాలుగు తెరిచాడు. వెన్నులోంచి తీసిన నీరు. వయసు గడిలో ‘23 రోజులు’ అని ఉంది. ఆయన చూపు ఆ గడి దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత అక్షరాలు అతికించి మీట నొక్కాడు. పదకొండుకి వచ్చిన పేరే దీనికీ వచ్చింది. రాసుకుని పదిహేనుకి వెళ్ళబోయి ఆగాడు.

ఎందుకు ఆగాడో అప్పటికి ఆయనకే తెలియదు. ఎక్కడో చూసిన ముఖంలా అనిపించింది. పదకొండు మళ్ళీ తెరిచి, రెండిటినీ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకున్నాడు. పదేసి అక్షరాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. అరగంట పట్టింది. ఈలోగా రష్మి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. మూడోసారి వచ్చి నిలబడింది.

“ఏమైంది సార్? ఇంకా మూడున్నయి.”

“ఈ రెండూ ఒకటేనమ్మా.”

“ఒకటే పురుగు ఇద్దరికీ ఉండొచ్చు సార్. ఇది శానమందికి వస్తది.”

“పురుగు ఒకటే అయితే అక్షరాలు ఒకటే అవుతాయి. నిజమే. కానీ మిషన్ చదవలేకపోయిన చోట్లు కూడా ఒకటే అవుతాయా?” ఆయన పెన్సిల్ చూపించాడు. “ఇదిగో, రెండువందల పన్నెండు దగ్గర ఎన్. మూడువందల ఎనభై ఎనిమిది, ఎనభై తొమ్మిది దగ్గర రెండు ఎన్‌లు. ఇందులోనూ అంతే. అదీ ఆరువందల నలభై ఏడుకే ఆగింది, ఇదీ అక్కడే ఆగింది.”

రష్మి వంగి చూసింది. జుట్టులోంచి పెన్ను తీసి తనూ లెక్కపెట్టింది. రెండో కాగితం సగంలోనే ఆమె మొహం మారింది.

“నేను చూసి కూడా ఓకే చేస్తుంటి సార్,” అంది మెల్లగా. కాగితాలు తీసుకుని మెట్లెక్కింది.

పది నిమిషాల్లో సంగతి తేలింది. పై గదిలో ఫైళ్ళకి పేర్లు మార్చేటప్పుడు పదకొండో ఫైల్‌నే ఇంకోసారి పద్నాలుగు పేరుతో దాచారు. అసలు పద్నాలుగు మిషన్‌లోనే ఉండిపోయింది. రష్మి దాన్ని పట్టుకొచ్చి గోపాలకృష్ణ తెర మీద తెరిచింది.

“మీరే చెయ్యుండ్రి సార్.”

ఆయన అతికించాడు. మొదటి అక్షరం, ఆఖరి అక్షరం సరిచూసుకుని మీట నొక్కాడు. ఈసారి పైన వచ్చిన పేరు వాళ్ళిద్దరూ కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది: ఎలిజబెత్‌కింజియా. ఎంత కలిసిందో చూశాడు. ఎంత మేర కలిసిందో చూశాడు. కింద వరసగా ఉన్న పేర్లూ ఆ కుటుంబానివే.

“ఇది నీళ్ళల్ల, కుళాయిలల్ల ఉంటది సార్,” అంది రష్మి. “పసిపిల్లల తలకెక్కితే మస్తు ప్రమాదం. మామూలుగా ఇచ్చే మందులు దీని మీద పనిచెయ్యవు.”

ల్యాబ్ మేనేజర్ కమలాకర్ దిగొచ్చి, తెర చూసి, అక్కడే నిలబడి బంజారా హిల్స్‌లోని ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అవతలి డాక్టర్ ఆ సూక్ష్మజీవి పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. మందు ఇప్పుడే మారుస్తామన్నాడు. కమలాకర్ నుదురు తుడుచుకుని, పై గదిలోవాళ్ళని తిట్టడానికి వెళ్ళాడు. రిజిస్టర్‌లో ఆ మార్పుకి ‘ఫైల్ సవరణ’ అని రాశారు. గోపాలకృష్ణ పదిహేను, పదహారు, పదిహేడు పూర్తిచేశాడు.

మధ్యాహ్నం వెనక వరండాలో కూర్చుని పెరుగన్నం తింటుంటే శ్యామలాదేవి ఫోన్ చేసింది.

“చదువుకుంటున్నారా?”

“తింటున్నాను.” జరిగింది చెప్పాడు. ఎక్కువ మాటల్లో చెప్పలేదు.

“ఎన్ని రోజుల పిల్ల?”

“పిల్లో పిల్లాడో తెలియదు. నంబరే ఉంటుంది. ఇరవై మూడు రోజులు.”

అటు నుంచి కుక్కర్ కూత వినిపించి ఆగింది.

“మన దానికంటే నాలుగు రోజులు ఎక్కువ,” అంది.

“ఊఁ.”

“అప్పుడు ఏం జ్వరమో కూడా చెప్పలేదు ఎవరూ. జ్వరం అన్నారంతే.”

“అప్పుడివన్నీ లేవు శ్యామలా.”

“లేవులెండి. పెరుగన్నం పూర్తిగా తినండి. పరీక్షలో తొందరపడకండి.”

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని మిగిలిన అన్నం మెల్లగా తిన్నాడు. ఇరవై ఏడేళ్ళలో వాళ్ళిద్దరూ ఆ మాట ఎత్తింది నాలుగైదుసార్లుంటుందేమో.

మూడింటికి పరీక్ష తెర తెరుచుకుంది. ముప్ఫై ప్రశ్నలు, నలభై నిమిషాలు. కుడి మూల గడియారం వెనక్కి నడుస్తోంది. మొదటి ప్రశ్న సులువు. రెండోదాంట్లో రెండు వరుసలిచ్చి, ఎన్ని చోట్ల తేడా ఉందన్నారు. ఆయన తెర మీద వేలు పెట్టి నడిపించాడు. నాలుగు వచ్చాయి. మళ్ళీ మొదటి నుంచి చూస్తే ఐదు. మూడోసారీ ఐదే. ఐదు నొక్కాడు. ఇంకొకదాంట్లో, నూటికి నూరుపాళ్ళు కలిసినా చిన్న ముక్కే కలిసిన ఫలితం ఒకటి, తొంభై ఎనిమిది పాళ్ళే అయినా మొత్తం పొడవునా కలిసిన ఫలితం ఒకటి ఇచ్చి, ఏది నమ్మాలన్నారు. జవాబు ఆయనకి తెలుసు. అయినా ఇచ్చిన అంకెలన్నీ చదివాకే నొక్కాడు. కన్ను కారుతుంటే చొక్కా చేతితో తుడుచుకున్నాడు. కుర్చీ వాలులో కొద్దికొద్దిగా జారుతోంది. మడమలతో తన్ని పట్టి పద్నాలుగో ప్రశ్న సగం చదివాడు. తెర మూసుకుపోయింది.

ఐదింటికి కమలాకర్ తన గదిలోకి పిలిచాడు. కూర్చోమని, తలుపు తనే వేశాడు.

“పద్దెనిమిది రావాలండీ. మీకు పదమూడు.”

“పదమూడే రాశానండీ.”

“తెలుసు.” కమలాకర్ చేతిలో పెన్ను మూత తీశాడు, పెట్టాడు. “రెండుసార్లు ఫోన్ చేశాను. ఇంకో ఇరవై నిమిషాలివ్వమని అడిగాను. సిస్టమ్‌లో ఆ వీలు లేదన్నారు. పొద్దున మీరు పట్టుకున్న సంగతీ చెప్పాను. అది వేరు, ఇది వేరన్నారు. ఇవాళ్టితో మీ కాంట్రాక్టు... నాకు చెప్పడానికే నోరు రావట్లేదు, గోపాలకృష్ణగారూ.”

గోపాలకృష్ణ తల వంచుకుని మేజా బల్ల అంచు చూస్తున్నాడు. ఫిల్మ్ ల్యాబ్‌లో తాళం వేసిన రోజు చెప్పినాయన కూడా పెన్నుతోనే ఆడుకున్నాడు. ఇప్పుడు బాగా ఎక్కువసేపు నిలబడినవాడికి ఎవరో కూర్చోమన్నట్టుంది, అంతే.

“రాసిన పదమూడులో తప్పులెన్నండీ?”

“ఒక్కటి కూడా లేదు.”

ఆయన మొహం కొంచెం తేటపడింది. “పోనీలెండి,” అన్నాడు. లేచి తలుపు దాకా వెళ్ళి ఆగాడు. “ఆ పద్నాలుగు ఎలా ఉందో మనకి తెలుస్తుందా సార్?”

“చెప్పరండీ. రిపోర్ట్ పంపడం వరకే మన పని.”

కింది గదిలో రష్మి లేదు. పొద్దున జరిగిన పొరపాటు గురించి హెడ్డాఫీసు వాళ్ళతో మీటింగ్‌లో ఉందన్నారు పక్క సీటు వాళ్ళు. మీటింగ్ గది అద్దంలోంచి ఆమె వీపు కనిపిస్తోంది. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఏదో గట్టిగా చెబుతోంది. గోపాలకృష్ణ పది నిమిషాలు చూశాడు. ఆమె వెనక్కి తిరగలేదు. తలుపు తట్టడం బాగుండదనుకున్నాడు. కంప్యూటర్ కట్టేశాడు. తన గ్లాసు కడిగి సంచిలో పెట్టుకున్నాడు. మెడలోని కార్డు తీసి సెక్యూరిటీ దగ్గర ఇచ్చి, రిజిస్టర్‌లో సంతకం చేశాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళి, రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు.

బయట సన్నగా చినుకులు పడుతున్నాయి. ఎత్తు రోడ్డు మీద నుంచి దిగుతుంటే షూటింగ్ వ్యాన్లు రెండు ఎదురొచ్చాయి. పక్కకి జరిగి, అవి వెళ్ళేదాకా గోడనానుకుని నిలబడి, మళ్ళీ నడక సాగించాడు. మలుపు దగ్గర షేర్ ఆటో ఆగింది. ఎక్కి, మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాడు.

రష్మి మీటింగ్ ముగించుకుని వచ్చేసరికి ఆరున్నరైంది. పక్క సీటు వాళ్ళు విషయం చెప్పారు. ఆమె ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. బల్ల మీద దుమ్ము కూడా తుడిచి ఉంది. తెర కింది అంచున పసుపు కాగితం ముక్క ఒకటి అంటించి ఉంది. ‘పద్నాలుగు సంగతి ఎప్పుడు తెలిసినా ఒక్క ఫోన్ చెయ్యండమ్మా’ అని ఒక వాక్యం. దాని కింద ఫోన్ నంబరు: పది అంకెలు, గుండ్రంగా, విడివిడిగా, అంకెకీ అంకెకీ మధ్య ఒకే ఎడంతో, ఏ ఒక్కదాన్నీ మరొకటిగా చదివే వీల్లేకుండా.